పచ్చ చెవుల ఆదివారం

క్రితం వారం కోడల్ని నవ్వుతూ నిద్రపోనిచ్చి మనం బయటికొచ్చేశాం. అసలీ కోడలెవరు, ఎందుకు నవ్వింది అని అడిగేవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

మామగారి మోటారు వైండింగ్ షాపులో కాలిపోయిన మోటార్లకు కొత్త రాగి తీగ చుట్టే పిల్ల మన కోడలు. మిగిలిపోయిన తీగ ముక్కలతో చెవిపోగులు, గొలుసులు చేయడం మొదలుపెట్టింది. ఇంట్లో చెప్పకుండా కళల సంతకు దరఖాస్తు పెట్టింది. చోటు వచ్చింది. మామగారు అరిచి గోల చేయలేదు, ఆయనకా అలవాటు లేదు. కళ్ళజోడు తుడుచుకుని, "శని, ఆదివారాలు వెళ్ళిరా. వాళ్ళు నిన్ను పాతవరసలోకి తీసుకుంటే నీ దారి నీది. తీసుకోకపోతే సోమవారం పొద్దున్నకి నీ కుర్చీలో నువ్వుండాలి. ఈ ముచ్చట మళ్ళీ ఎత్తకూడదు" అన్నారు. కోడలు సరేనంది. భర్త ఏమన్నాడంటారా? ఆయన ఎక్కడో పంపు బిగిస్తున్నాడు. ఈ కథ మొదలైనప్పటి నుంచీ ఆయన పంపు బిగిస్తూనే ఉన్నాడు.

పాతవరస అంటే సంతలో శాశ్వతమైన చోటు. కొత్తగా వచ్చినవాళ్ళు ఎంతటివాళ్ళయినా మొదటిసారి జనరేటరు పక్కన కొత్తవరసలో కూర్చోవాల్సిందే. ఆదివారం టీ వేళకు సంత అధ్యక్షురాలు పాతవాళ్ళను వెంటబెట్టుకుని ఒక్కొక్క కొత్త బల్ల దగ్గరా ఆగుతుంది. "ఈ చేతిపని మీద ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని అందరికీ వినపడేలా అడుగుతుంది. ఎవరూ మాట్లాడకపోతే పాతవరసలో చోటు. పాతవాళ్ళే కానక్కర్లేదు, అక్కడున్న ఏ ఒక్కరు ఉందన్నా సామాను సర్దుకోవడమే.

శనివారం పొద్దున్నంతా ఈగలు తోలుకున్న కోడలికి, మధ్యాహ్నం ఆడపడుచు రంగంలోకి దిగాక ఊపిరి తీసుకునే తీరిక దొరకలేదు. స్ప్రింగులా చుట్టిన చెవిపోగులు ఎగరేసుకుపోయారు. ఆఖరి జత సాక్షాత్తూ అధ్యక్షురాలే కొని, అక్కడికక్కడే పెట్టుకుని వెళ్ళింది. అందుకే ఆ నవ్వు.

ఆదివారం పొద్దున్న కోడలు మడత బల్ల మీద నల్లగుడ్డ పరిచి, అద్దం నిలబెట్టి, తెల్లవారుజామున చేసిన కొత్త జతలు వరసగా పేర్చింది. ఆడపడుచు టీ ఫ్లాస్కు ఒక పక్క, తను ఒక పక్క సర్దుకుంది. మొగుడి అక్కగారు కాబట్టి హోదా ఉంది, నోరు అంతకంటే ఎక్కువ ఉంది. ఆవిడ సరుకు అమ్మదు. దారినపోయే మనిషిని పలకరించి, పిల్లల చదువులడిగి, మోకాళ్ళ నొప్పికి ఉపాయం చెప్పి, చెవిపోగులు చేతిలో పెట్టి పంపిస్తుంది. డబ్బులివ్వడం వాళ్ళకే గుర్తొస్తుంది.

మొదట వచ్చింది లైబ్రరీలో పనిచేసే ఆవిడ. నిన్న జుట్టు ముడి వేసుకున్న మనిషి ఇవాళ విరబోసుకుని, చెవులు కనపడకుండా దువ్వుకుంది. బల్ల మీదికి వంగి, వృత్తిరీత్యా వచ్చిన గుసగుసలో, "మీతో ఒక్క మాట" అంది.

"చెప్పండి."

జుట్టు పక్కకి తీసింది. చెవితమ్మె పచ్చగా ఉంది. ఏదో కాస్త పచ్చన కాదు, లేత ఆకుపచ్చ.

"అబ్బ, ఈ రంగు మీకెంత నప్పిందో!" అంది ఆడపడుచు.

"అది రంగు కాదండీ. నా చెవి."

కోడలు ఏదో అనబోయేలోపు జనంలోంచి బస్సు నడిపే ఆవిడ దూసుకొచ్చింది. ఈవిడకి గుసగుసలు తెలియవు. జనరేటరు మోత కూడా ఆవిడ ముందు తేలిపోయింది.

"ఏమ్మా, నిన్న నాకు చెవిపోగులమ్మారా, ఆకుకూరలమ్మారా? రాత్రి మా ఆయన చూసి భయపడ్డాడు!"

ఆ వెనకాల ఇంకో ఇద్దరు. ఒకామె టోపీ పెట్టుకుంది, ఒకామె రెండు చెవితమ్మెలకీ దూది అంటించుకుంది. సంతలో చెవులు కప్పుకుని తిరిగే ఆడవాళ్ళెందరో చూస్తే, నిన్న అమ్మకాలు ఎంత బాగా సాగాయో ఇట్టే తెలిసిపోతోంది.

"గ్యారంటీ ఉందన్నారుగా?" అంది బస్సావిడ.

కోడలు మెల్లగా తల తిప్పింది. "వదినా, గ్యారంటీ ఇచ్చారా?"

"మోటార్లకి ఆర్నెల్లు ఇస్తాంగా, నోటికి అదే వచ్చేసింది" అని నసిగింది ఆడపడుచు. "కొందరికి ఏడాది అన్నానేమో కూడా. అంత బాగా మాట్లాడుతుంటే ఆర్నెల్లేం చెప్తాం చెప్పు!"

కోడలికి భయం కంటే ముందు ఆశ్చర్యం పట్టుకుంది. వైండింగ్ తీగ మీద సన్నని ఎనామిల్ పూత ఉంటుంది. అది ఉన్నంత కాలం లోపలి రాగి దేనికీ తగలదు. నీళ్ళలో మునిగిన పంపుల్లో ఏళ్ళ తరబడి ఉండే తీగ చెమటకు లొంగడమేమిటి? తను పెట్టుకుని చూసుంటే తెలిసేది. కానీ షాపులో వేలాడే నగ ఏదీ పెట్టుకోకూడదని మామగారి కట్టడి, తిరిగే మోటారు లాగేసుకుంటుందని. పెళ్ళయి షాపులో అడుగుపెట్టాక కోడలి చెవులకు పోగులు లేవు. కుట్టిన రంధ్రాలు కూడా ఎప్పుడో పూడుకుపోయాయి. ప్రపంచంలో చెవిపోగులు చేసి అమ్ముతూ ఒక్కసారీ పెట్టుకోని మనిషి ఈవిడే అయుంటుంది.

"ఒక్కసారి ఆ జత ఇలా ఇవ్వండి" అని బస్సావిడ చేతిలోంచి తీసుకుంది. సంచిలో చెయ్యిపెట్టి టెస్టు బల్బు తీసింది. ఒక చిన్న బ్యాటరీ, రెండు తీగలు, చివర గోలీ అంత బల్బు. వైండింగ్ చేసేవాళ్ళకి అది లేకుండా బయటికెళ్తే చెప్పుల్లేకుండా వెళ్ళినట్టుంటుంది. రెండు తీగల కొసలూ స్ప్రింగు మీద ఆనించింది. బల్బు వెలగలేదు. అంటే పూత ఉంది, కరెంటు పోవడం లేదు. కొసలను పైకి జరిపి, చెవిలో దూరే కొక్కెం మీద ఆనించింది.

బల్బు వెలిగింది.

షాపులో ఆ బల్బు వెలిగితే పని అయినట్టు. ఇక్కడ కోడలి పని అయినట్టు. ఇంకో జత తీసింది. వెలిగింది. తెల్లవారుజామున చేసినవి తీసింది. అవీ వెలిగాయి. చుట్టూ చేరిన జనానికి ఏం జరుగుతోందో తెలియకపోయినా వెలిగినప్పుడల్లా "ఓ" అంటున్నారు.

"నేనే గీకాను" అంది కోడలు.

"ఏం గీకావ్?" అంది ఆడపడుచు.

"తీగ కొసలు. మోటారులో కాయిల్ చుట్టగానే కొసల మీద పూత బ్లేడుతో గీకుతాం కదా వదినా, అతుకు పట్టడానికి. ఇక్కడ ఆ కొసనే వంచి కొక్కెం చేశాను. గీకక్కర్లేదని నాకు తెలుసు. నా చేతికి తెలీదు. దాని పని అది చేసుకుపోయింది."

"ఒక్కదాన్నీ వదల్లేదా?"

"ఒక్కదాన్నీ."

ఆడపడుచు కోడలి చెయ్యి పట్టుకుని బల్ల వెనక్కి లాగింది. గొంతు తగ్గించి, "సబ్బుతో రుద్దితే పోతుందిగా అది? మీ ఒంటి తీరు అంతే అని చెప్పి పంపించేద్దాం. టీ వేళదాకా ఎవరూ నోరెత్తకుండా నేను చూసుకుంటాగా. ఇంత కష్టపడి వచ్చి, ఇప్పుడు నువ్వే నోరు జారితే ఎలాగే?" అంది.

సలహా చెడ్డదేం కాదు, ఆవిడ నోటికి సాధ్యమయ్యేదే. కోడలు కూడా ఒక్క క్షణం ఆలోచించింది, మనం అబద్ధం చెప్పుకోవద్దు. సోమవారం, ఆ కుర్చీ, మళ్ళీ ఎత్తకూడని ముచ్చట, అన్నీ కళ్ళముందు తిరిగాయి. కానీ లైబ్రరీ ఆవిడ జుట్టు సవరించుకుంటూ ఓపిగ్గా నిలబడి ఉంది. కాలిన మోటారు తెచ్చినవాళ్ళు నిలబడినట్టే ఉంది. తప్పు చుట్టిన మోటారుని వాడినవాడి మీదికి నెట్టడం ఆ షాపులో ఎవరూ నేర్పలేదు.

కోడలు స్టూలెక్కింది.

"అమ్మా, నిన్న నా దగ్గర చెవిపోగులు కొన్నవాళ్ళందరూ ఒకసారి రండి! మీ చెవులు పచ్చబడ్డాయి. తప్పు మీ చెవులది కాదు, నాది. సబ్బు, నీళ్ళు పెడితే మరక పోతుంది. కొక్కేలు మార్చి ఇస్తాను. వద్దంటే డబ్బులు తీసుకోండి."

అప్పటిదాకా ఏమీ ఎరగనట్టు తిరుగుతున్న టోపీలు, రుమాళ్ళు, విరబోసిన జుట్లు ఒక్కసారిగా కొత్తవరస వైపు తిరిగాయి. "ఇంతమందికి అమ్మామా!" అని మురిసిపోయింది ఆడపడుచు, మురిసిపోవాల్సిన సమయం కాదని మర్చిపోయి.

పని మొదలైంది. కోడలు పాత కొక్కెం కత్తిరించింది, తాజా తీగ ముక్క తీసుకుంది, వంచింది, స్ప్రింగుకి తగిలించింది. కుడిచెయ్యి చక్కా వెళ్ళి బ్లేడు అందుకుని కొస గీకేసింది.

"అయ్యయ్యో!" అన్నారు జనం.

ఇంకో ముక్క. ఈసారి కోడలు పళ్ళు బిగించి మరీ వంచింది. చెయ్యి బ్లేడు దగ్గరికే వెళ్ళింది. ఆడపడుచు బ్లేడు లాక్కుని ఫ్లాస్కు కింద దాచింది. చెయ్యి కాసేపు బల్ల మీద వెతుక్కుని, బ్లేడు దొరక్క, గోటితో గీకడం మొదలెట్టింది.

"జరగండి" అంది బస్సావిడ. స్టూలు లాక్కుని కోడలి పక్కన కూర్చుంది. "ఇలాంటి బండ్లు నేను చాలా నడిపాను. నువ్వు చుట్టు, బ్రేకు సంగతి నాకొదిలెయ్."

వంపు పూర్తయ్యే సమయానికి సరిగ్గా మణికట్టు మీద ఒక్క దెబ్బ వేసేది. చెయ్యి ఆగిపోయేది. తీగ తెగిన మొన మీద మాత్రం రాగి కాస్త బయటపడుతుంది కదా, దానికి ఆడపడుచు తన సంచిలోంచి ఎర్ర గోళ్ళరంగు తీసి చుక్క పెట్టేది. ఆరాక బల్బు పరీక్ష. వెలగకపోతే జనం చప్పట్లు. ఒకసారి బ్రేకు ఆలస్యమై బల్బు వెలిగితే, అంతకంటే గట్టిగా చప్పట్లు.

ఆడపడుచు ఊరుకుంటుందా? "రండమ్మా రండి, వెలిగితే మాది, వెలగకపోతే మీది!" అని మొదలెట్టింది. చెవులు పచ్చబడని వాళ్ళు కూడా వరసలో నిలబడ్డారు. పక్కన కొవ్వొత్తులమ్మే కుర్రవాడు తన బల్ల వదిలేసి వచ్చి చూస్తున్నాడు. ఎర్రచుక్క ఉన్నవే కావాలని కొత్తగా వచ్చినవాళ్ళు పట్టుబడుతున్నారు. కోడలికి నవ్వొస్తోంది, భయం పోవడం లేదు. ఇంతమందికి చాటింపు వేసింది, వీళ్ళలో ఏ ఒక్కరు అభ్యంతరం ఉందన్నా చాలు.

జనం ఉన్నట్టుండి దారిచ్చారు. అధ్యక్షురాలు వస్తోంది. తల చుట్టూ గట్టిగా బిగించిన రుమాలు. 

గాజుపూసలు చేసే మనిషి ఆవిడ. తలంతా నెరిసింది, వేళ్ళ మీద పాత కాలిన మచ్చలు. రుమాలు విప్పింది. రెండు చెవులూ పచ్చగా, అందరికంటే పచ్చగా ఉన్నాయి.

"రాత్రి పడుకునేటప్పుడు కూడా తీయలేదు" అంది. "అంత నచ్చాయి."

"క్షమించండమ్మా" అంది కోడలు. 

అధ్యక్షురాలు చెవిపోగు తీసి కొక్కేన్ని వెలుతురుకి పట్టి చూసింది. చాలాసేపు చూసింది. "బ్లేడేదీ?" అంది. ఆడపడుచు భయపడుతూ ఫ్లాస్కు కింద నుంచి తీసిచ్చింది. అధ్యక్షురాలు కోడలి తీగ చుట్టిన బాబిన్ మీద నుంచి ఓ జానెడు తీగ తెంపింది. బొటనవేలి మీద కొస పెట్టి, బ్లేడుతో మూడుసార్లు గీకి, తీగను సగం తిప్పి, ఇంకోసారి గీకి, కళ్ళు మూసుకుని ఫూ అని ఊదింది.

కోడలు ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది. అది తన చెయ్యే.

"అయ్యబాబోయ్!" అంది ఆడపడుచు. "అచ్చం మా నాన్న ఊదినట్టే ఊదారే!"

"ఆయనే నేర్పాడు" అంది అధ్యక్షురాలు. తర్వాత కోడలి వైపు తిరిగింది. "గుమ్మం పక్క కుర్చీ నీదేనా? ఒక కాలు కాస్త పొట్టి దానికి."

"అవునండీ. కింద అట్టముక్క ఉంది. నేను వచ్చేసరికే ఉంది."

"అది పెట్టింది నేనే."

బస్సావిడ కూడా గొంతు తగ్గించి "అమ్మో" అంది.

"ఏళ్ళ కిందట ఓ శనివారం పూసలు పట్టుకుని ఇక్కడికొచ్చాను" అంది అధ్యక్షురాలు. "సోమవారం షాపుకి వెళ్ళలేదు. రానని చెప్పనూ లేదు. చెప్పడానికి మొహం చెల్లలేదు. నన్ను కూర్చోబెట్టి పని నేర్పినవాడు, సొంత షాపు నా చేతుల్లో పెట్టి బయటికెళ్ళేవాడు. ఆ తర్వాత ఆయన ఈ వీధిలోకి కూడా రాలేదని విన్నాను. గీకుడు మాత్రం నా చేతికి పోలేదు. ఇప్పటికీ పెన్సిలు చెక్కినా ఊదుతాను."

కోడలు చేతిలోని తీగ కింద పెట్టింది. తన తీగల పని మామగారికి లోకువని, అందుకే ఆ షరతు పెట్టారని ఇన్నాళ్ళూ లోపల్లోపల కోపం పెట్టుకుంది. ఆయనకది లోకువ కాదు. ఆయనకది భయం. ఆ సంగతి ఇప్పుడు తెలిసి, కోపమంతా కరిగిపోయి, ఆయన మీద బెంగలాంటిది పుట్టింది.

"మరి నా సంగతేంటండీ?" అంది.

"ముందు నా కొక్కేలు మార్చు" అంది అధ్యక్షురాలు. "టీ వేళకి పెట్టుకుని వస్తాను."

అన్నట్టే వచ్చింది. చెవులకి రాగి స్ప్రింగులు, మొనల మీద ఎర్రచుక్కలు, వెనకాల పాతవరస వాళ్ళంతా. కొవ్వొత్తుల కుర్రవాడి బల్ల దగ్గర అడిగింది, ఎవరూ మాట్లాడలేదు, వాడు ఎగిరి గంతేశాడు. తర్వాత కోడలి బల్ల. పచ్చచెవుల వాళ్ళందరూ చుట్టూ చేరారు. పొద్దున్న కప్పుకున్న చెవుల్ని ఇప్పుడు జుట్టు వెనక్కి దోపి మరీ చూపిస్తున్నారు.

"ఈ చేతిపని మీద ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

 లైబ్రరీ ఆవిడ నోరు తెరిచింది. కోడలు బల్ల అంచు పట్టుకుంది. ఆవిడ చిన్నగా తుమ్మి, "క్షమించండి" అని గుసగుసలాడింది. బస్సావిడ పకపకా నవ్వేసింది.

ఆ నవ్వులో ఆడపడుచు కోడలి చెవిలోకి వంగింది. "ఓ చిన్న పొరపాటు చేశానే. పొద్దున్న వీళ్ళంతా మీద పడుతుంటే కంగారులో నాన్నకి ఫోన్ చేసేశాను. కొక్కేలకి పూయొచ్చేమోనని వార్నిష్ డబ్బా తెమ్మన్నాను."

"వస్తానన్నారా?"

"ఏమీ అనలేదు. పెట్టేశారు."

అధ్యక్షురాలు చెయ్యెత్తింది. "ఎవరికీ అభ్యంతరం లేదు కాబట్టి..."

"ఉంది."

అందరూ వెనక్కి తిరిగారు. జనరేటరు పక్కన మామగారు నిలబడి ఉన్నారు. షాపు చొక్కా కూడా మార్చుకోలేదు. చేతిలో వార్నిష్ డబ్బా. ఆయన కోడలి వైపు చూడటం లేదు. అధ్యక్షురాలి వైపు చూస్తున్నారు. ఆవిడ ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఒకదాన్ని తీసుకున్నారు. ఊరుకున్నాను" అన్నారు మామగారు. గొంతు పెంచలేదు, అయినా చివర నిలబడ్డవాళ్ళకి కూడా వినపడింది. "ఇంత మంచి చెయ్యి నా షాపులోకి మళ్ళీ రాదు. ఈ పిల్లని నేనివ్వను."

పెళ్ళయిన నాటి నుంచీ కోడలు చుట్టిన ప్రతి మోటారునీ ఆయన చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, పక్కన పెట్టేవారు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. ఆ ఒక్క మాట కోసం కోడలు ఎన్ని మోటార్లు చుట్టిందో. వచ్చింది. తీరా ఆమె చోటు పోగొట్టే వేళకు వచ్చింది.

పాతవరస వాళ్ళు అధ్యక్షురాలి వైపు చూశారు.  ఆడపడుచు కోడలి కొంగు పట్టుకుంది. కోడలు ఆ చెయ్యి విడిపించుకుని, బల్ల దాటి, మామగారి ఎదురుగా వెళ్ళి నిలబడింది. కళ్ళలో నీళ్ళున్నాయి, పెదాల మీద నవ్వుంది.

"మామయ్యగారూ, ఆ మాట ఇంకొక్కసారి అనండి" అంది.